మేజర్ పద్మపాణి ఆచార్య: నోల్ కొండ మీద ఒక రాత్రి

నమస్కారం. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా అందుకుని, 1999 జూన్ 28 రాత్రి కార్గిల్ యుద్ధంలో, ద్రాస్ కొండల్లో పోరాడుతూ ప్రాణాలు విడిచిన మేజర్ పద్మపాణి ఆచార్య గారిని ఈ భాగంలో స్మరించుకుందాం. మరణానంతరం ఆయనకు భారత ప్రభుత్వం మహావీర చక్ర పురస్కారం ప్రకటించింది. చనిపోయేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండి వారం రోజులే అయింది.

ఈ వీడియోలో మీకు తుపాకుల మోత వినిపించదు, రక్తం మరిగించే సంగీతం వినిపించదు. ఆయన నోట మేము ఒక్క మాట కూడా కల్పించి పెట్టలేదు. వీరుల గురించి చెప్పే వీడియోలలో చాలాసార్లు, చివరి క్షణంలో ఆ సైనికుడు పెద్ద ప్రసంగం చేసినట్టుగా చూపిస్తారు. అలా చేసేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ, ఆ మాటల హోరులో అసలు ఆ మనిషి ఏం చేశాడన్నది కనబడకుండా పోతుంది. కారణం ఏదైనా, ఏటా కార్గిల్ విజయ దినమైన జూలై 26న సికింద్రాబాద్ పరేడ్ మైదానంలోని వీరుల సైనిక స్మారకం వద్ద పుష్పగుచ్ఛాలు ఉంచి వందనం చేస్తున్నాం కానీ, మన ఊరి ఆచార్య గారు ఆ రాత్రి సరిగ్గా ఏం చేశారని అడిగితే చెప్పగలిగేవాళ్లు మనలో తక్కువమందే ఉన్నారు. ఒక సైనికుణ్ని గుర్తుంచుకోవడమంటే, ముందుగా ఆయన చేసిన పనిని వివరంగా తెలుసుకోవడమని నేను నమ్ముతాను. అందుకే ఆయన పురస్కారంతో పాటు వెలువడిన ప్రశంసాపత్రాన్నీ, ఆయన తన తండ్రికి రాసిన ఉత్తరాన్నీ ఆధారంగా పెట్టుకుని, ఆ రాత్రి దగ్గరికి నెమ్మదిగా వెళదాం.

తెలుగు ప్రేక్షకులలో కొందరికి ఈ పేరు సినిమా ద్వారా పరిచయం. కార్గిల్ యుద్ధం మీద 2003లో వచ్చిన ఒక హిందీ చిత్రంలో ఆయన పాత్రను నాగార్జున గారు పోషించారు. మహావీర చక్ర అనగానే ఈ తరం పిల్లలకు మొదట గుర్తొచ్చే పేరు మాత్రం 2020 జూన్ 15న గాల్వాన్ లోయలో 16 బిహార్ రెజిమెంట్‌కు నాయకత్వం వహిస్తూ అమరులైన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు గారిది. అది సహజమే, ఆ దుఃఖం ఇంకా మన కళ్ల ముందే ఉంది. ఆచార్య గారు ఆయనకన్నా ఇరవై ఒక్క ఏళ్ల ముందు అదే పతకానికి అర్హులైన హైదరాబాదీ.

ఆయన 1969 జూన్ 21న ఇక్కడ పుట్టారు. కుటుంబ మూలాలు ఒడిశాలో ఉన్నాయి. తండ్రి భారత వైమానిక దళంలో వింగ్ కమాండర్ హోదాలో పనిచేసిన అధికారి. ఇంటి భాష తెలుగు కాని మనిషిని మనవాడని ఎలా అంటారని ఎవరికైనా అనిపిస్తే, వారికి హైదరాబాద్ స్వభావం ఇంకా పూర్తిగా తెలియదనే అనుకోవాలి. తిరుమలగిరి, బొల్లారం, మెహిదీపట్నం, బేగంపేట వంటి చోట్ల సైనిక కుటుంబాల మధ్య పెరిగిన పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, వీధిలో ఇంకో భాష ఉండటం ఈ జంట నగరాలలో మామూలు సంగతి. ఉస్మానియాలో చదివి, మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది, 1994లో ఆయన రాజపుతానా రైఫిల్స్ రెజిమెంట్ రెండో బెటాలియన్‌లో అధికారిగా చేరారు. ఒడిశా ఆయనను తన బిడ్డగా చెప్పుకుంటుంది, మనమూ చెప్పుకుంటాం, ఇందులో తగువు పడాల్సిందేమీ లేదు.

రాజపుతానా రైఫిల్స్ మూలాలు 1775 నాటివి. భారత సైన్యంలోని రైఫిల్ రెజిమెంట్లన్నిటిలోకీ అదే పాతది. దాని ఆదర్శ వాక్యం మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే: వీరభోగ్యా వసుంధరా. రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్ ప్రాంతాల నుంచి వచ్చిన జాట్లు, రాజపుత్రులు ఆ రెజిమెంట్‌లో ఎక్కువగా ఉంటారు. శత్రువు మీదికి దూకేటప్పుడు వారు చేసే నినాదం రాజా రామచంద్ర కీ జై. దక్కను నుంచి వెళ్లిన ఒక యువకుడు ఆ పల్లెల నుంచి వచ్చిన జవాన్లతో కలిసి తిని, వారి మాట నేర్చుకుని, వారి ఇంటి కష్టసుఖాలు తెలుసుకుని, వారిని నడిపించే అర్హత సంపాదించుకోవాలి. భుజం మీది నక్షత్రాలు ఆజ్ఞాపించే అధికారాన్ని ఇవ్వగలవు గానీ, చీకట్లో కొండ ఎక్కుతున్నప్పుడు వెనక నడిచేవారి నమ్మకాన్ని ఇవ్వలేవు. దాన్ని ఆ అధికారి ఏళ్ల తరబడి కూడగట్టుకోవాల్సిందే.

ఇక యుద్ధం సంగతికి వద్దాం. 1999 మే నెల మొదట్లో, చలికాలంలో మన సైన్యం ఖాళీ చేసి వచ్చిన ఎత్తైన స్థావరాలలోకి పాకిస్తాన్ సైనికులు నియంత్రణ రేఖ దాటి వచ్చి చేరుకున్నారని బయటపడింది. వారు కూర్చున్న శిఖరాల కింద నుంచే శ్రీనగర్ నుంచి కార్గిల్ మీదుగా లేహ్ వెళ్లే జాతీయ రహదారి సాగుతుంది. లడఖ్‌కు ఆహారం, ఇంధనం, మందుగుండు చేరవేసే ప్రధాన దారి అది. పైన దుర్భిణి పట్టుకుని కూర్చున్నవాడికి కింద రోడ్డు మీద పోయే ప్రతి లారీ కనిపిస్తుంది, కనిపించిన లారీ మీద ఫిరంగి గుండు వేయించగలడు. నియంత్రణ రేఖను దాటరాదని మన ప్రభుత్వం నిర్ణయించడంతో, శత్రువు వెనక్కి చుట్టుతిరిగి వెళ్లి అతనికి సరఫరాలు అందకుండా చేసే అవకాశం చాలావరకు మూసుకుపోయింది. కాబట్టి మన పదాతిదళం కింద నుంచి, ఎదురుగా, నిటారుగా ఉన్న కొండలెక్కి ఒక్కొక్క స్థావరాన్నే పట్టుకోవాల్సి వచ్చింది.

అలా ఎక్కడమంటే ఏమిటో హైదరాబాద్‌లో కూర్చుని ఊహించడం కష్టం. మన నగరం సముద్రమట్టానికి సుమారు 1,800 అడుగుల ఎత్తులో ఉంది. ద్రాస్ గ్రామమే దాదాపు 10,800 అడుగుల ఎత్తులో ఉంటుంది, పోరాటం జరిగిన శిఖరాలు 15,000 అడుగులు, ఆ పైన. ఆ ఎత్తులో గాలి పలుచన, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. చెట్టు ఉండదు, పొద ఉండదు, దాక్కోవడానికి బండరాళ్లు తప్ప ఇంకేమీ దొరకవు. వీపు మీద తుపాకీ గుండ్లు, గ్రెనేడ్లు, నీళ్లు మోసుకుంటూ రాత్రంతా పాకుతూ ఎక్కాలి. తెల్లవారేలోపు పైకి చేరకపోతే పగటి వెలుగులో ఆ వాలు మీద ఉన్నవారంతా శత్రువు కంటికి స్పష్టంగా కనిపిస్తారు. మైదానంలో దాడి చేసేవారు కాచుకున్నవారికి మూడింతలైనా ఉండాలని సైనిక శాస్త్రం చెబుతుంది, కొండల్లో అయితే అంతకన్నా ఎక్కువమంది కావాలి.

రెండో రాజపుతానా రైఫిల్స్ అప్పటికే జూన్ 13న తోలోలింగ్ శిఖరాన్ని స్వాధీనం చేసుకుంది. ఆ యుద్ధంలో అంతవరకూ ఆగుతూ సాగుతూ వచ్చిన మన దాడులకు అది మొదటి పెద్ద విజయం. మేజర్ వివేక్ గుప్తా గారు అక్కడే ప్రాణాలర్పించి మహావీర చక్ర పొందారు, నాయక్ దిగేంద్ర కుమార్ గారు తీవ్రంగా గాయపడి, బతికి వచ్చి అదే పతకాన్ని అందుకున్నారు. తోలోలింగ్ తర్వాత ఆ బెటాలియన్‌కు అప్పగించిన లక్ష్యం త్రీ పింపుల్స్ అని సైన్యం పేరు పెట్టిన శిఖరాల గుంపు. దాని భాగాలే నోల్, లోన్ హిల్ అనే స్థావరాలు. రెండు వారాలు తిరిగేసరికి, సహచరులను పోగొట్టుకున్న బెటాలియన్ మళ్లీ దాడికి సిద్ధమైంది. కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ ఎం.బి. రవీంద్రనాథ్ గారు నోల్‌ను పట్టుకునే పనిని మేజర్ ఆచార్య గారి కంపెనీకి అప్పగించారు.

ఆ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది, నిజ జ్యేష్ఠ పౌర్ణమి జూన్ 28న పడింది. మన పల్లెల్లో రైతులు ఎడ్లకు పూజ చేసి నాగలి కట్టే ఏరువాక పున్నమి అది. ఇక్కడ పండుగ వెన్నెల కాసిన ఆ రాత్రే అక్కడ, చెట్టూ చేమా లేని రాతి వాలు మీద, మన జవాన్లు పైకి పాకుతున్నారు. కొండ ఎక్కేవాడికి చీకటే కవచం. నిండు చంద్రుడు ఆ కవచాన్ని తీసేశాడు.

ప్రశంసాపత్రం చెప్పే ప్రకారం ఆ స్థావరం బలమైన బంకర్లతో నిర్మించినది, చుట్టూ మందుపాతరలు పాతినది, మెషిన్‌గన్లూ ఫిరంగులూ ఆ వాలు అంతటినీ ఊడ్చిపెట్టేలా గురిపెట్టి ఉన్నవి. బెటాలియన్ దాడి మాత్రమే కాదు, మొత్తం బ్రిగేడ్ (కొన్ని బెటాలియన్లు కలిసిన దళం) దాడి విజయమే దాన్ని త్వరగా పట్టుకోవడం మీద ఆధారపడి ఉంది. ఈ వాక్యం ముఖ్యమైనది. ఆచార్య గారి కంపెనీ ఆలస్యమైతే, పక్క శిఖరాల మీద ఎక్కుతున్న ఇతర కంపెనీల జవాన్లు తెల్లవారేసరికి ఆ వాలు మీదే చిక్కుకుపోతారు. అంటే ఆయన చేతిలో ఉన్నవి ఆయన కంపెనీ ప్రాణాలు మాత్రమే కావు.

దాడి మొదలైన కొద్దిసేపటికే శత్రువు ఫిరంగి గుండ్లు సరిగ్గా ముందు నడుస్తున్న ప్లటూన్ మీద పడ్డాయి. కొండ మీద కాచుకున్నవారు, ఎక్కడానికి వీలున్న దారులేవో ముందుగానే లెక్కగట్టి ఫిరంగుల గురి సరిచూసి పెట్టుకుంటారు కాబట్టి, మనవారు ఆ దారికి రాగానే కబురు పంపితే చాలు. చాలామంది అక్కడికక్కడే నేలకొరిగారు, ఇంకెందరో గాయపడ్డారు. దాడి ఆరంభంలోనే ఆగిపోయే స్థితి వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఒక పదాతిదళ కంపెనీలో సుమారు నూరు మందికి పైగా ఉంటారు, వారు మూడు ప్లటూన్లుగా ఉంటారు. కంపెనీ కమాండర్ దాడికి వెళ్లేటప్పుడు అన్నిటినీ ఒకేసారి ముందుకు తోయడు. ఒక ప్లటూన్‌ను చేతిలో ఉంచుకుంటాడు, దాన్ని రిజర్వ్ ప్లటూన్ అంటారు. ముందువారు స్థావరాన్ని పట్టుకున్నాక శత్రువు ఎదురుదాడి చేస్తే నిలబెట్టడానికో, అనుకోని చోట ముప్పు వస్తే అడ్డుకోవడానికో అది పనికొస్తుంది. ఇంటి పెద్ద కష్టకాలానికని దాచి ఉంచిన ధాన్యం లాంటిది అది. దాన్ని ముందే తీసేస్తే, ఆ తర్వాత ఆపద వస్తే చేతిలో ఏమీ ఉండదు. తీయకుండా దాచుకుంటే, ఇప్పుడు వచ్చిన ఆపదకే అంతా పోవచ్చు.

ముందు ప్లటూన్ దెబ్బతిన్నది. గుండ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి. అప్పుడు ఆ కమాండర్ ముందు ఉన్న దారులు మూడే. గాయపడ్డవారిని తీసుకుని వెనక్కి తగ్గి మరో రాత్రి ప్రయత్నించవచ్చు. ఉన్నచోటే నక్కి, మన ఫిరంగుల సాయం కోరి, కాల్పులు తగ్గేవరకూ ఎదురుచూడవచ్చు. లేదా ఉన్నదంతా ఒక్కసారి పందెం ఒడ్డి ముందుకు వెళ్లవచ్చు. మొదటి రెండూ పిరికితనం అనిపించుకోవు, ఎన్నో సందర్భాలలో అవే సరైన నిర్ణయాలు కూడా. కానీ ఆ రాత్రి మిగతా కంపెనీలు పక్కన ఎక్కుతున్నాయి, గడియారం ఆగదు, ఆ వాలు మీద ఎక్కువసేపు నిలబడ్డకొద్దీ గుండ్లు ఇంకా పడతాయి. ఆచార్య గారు మూడో దారిని ఎంచుకున్నారు. రిజర్వ్ ప్లటూన్‌ను తీసుకుని, తానే దాని ముందు నడిచి, గుండ్ల వాన మధ్య నుంచి దాన్ని పైకి తీసుకెళ్లారు.

ఆ ప్లటూన్‌ను పంపి తాను వెనక ఉండి నడిపించినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు, ఎందుకంటే కంపెనీ కమాండర్ స్థానం సాధారణంగా మధ్యలో ఉంటుంది, అన్ని వైపులా ఏం జరుగుతోందో చూసి ఆజ్ఞలివ్వడానికి. కానీ కళ్ల ముందే సహచరులు కూలిపోవడం చూసిన జవాన్లను, అదే దారిలోకి మళ్లీ పంపాలంటే, ఆజ్ఞ ఒక్కటే సరిపోని క్షణాలు ఉంటాయి. ఆయన ముందు నడవడంలో నాకు సాహసం ఎంత కనిపిస్తుందో, తన జవాన్ల మనసు ఎరిగిన వివేకం కూడా అంతే కనిపిస్తుంది. వీరత్వాన్ని మనం తరచుగా ఆవేశంగా చిత్రిస్తాం. ఆ రాత్రి ఆయన తీసుకున్నది లెక్క చూసి తీసుకున్న నిర్ణయం, ఆ లెక్కలో తన ప్రాణానికి ఆయన ప్రత్యేకమైన విలువ కట్టుకోలేదు.

అక్కడి నుంచి ప్రశంసాపత్రం చెప్పేది ఇది. పక్కనే జవాన్లు కూలుతున్నా మిగిలినవారికి ధైర్యం చెబుతూ ఆయన నిటారు రాతి వాలు మీదుగా శత్రువు మీదికి దూసుకెళ్లారు. తూటాలు వడగళ్లలా పడుతుండగా బంకర్ దాకా పాకుతూ వెళ్లి లోపలికి గ్రెనేడ్లు విసిరారు. ఆ దాడిలోనే తూటాలూ గుండ్ల శకలాలూ ఒంట్లో దిగి ఆయన తీవ్రంగా గాయపడ్డారు. కదలలేని స్థితికి వచ్చారు. అప్పుడు తనను అక్కడే వదిలి ముందుకు దూకమని జవాన్లను ఆదేశించారు, పడి ఉన్న చోటు నుంచే శత్రువు మీద కాల్పులు కొనసాగించారు. స్థావరం మన చేతికి వచ్చింది. అప్పగించిన పని పూర్తయ్యాక ఆయన ప్రాణం పోయింది.

తనను వదిలి వెళ్లమన్న ఆ ఆదేశం గురించి నేను చాలా ఆలోచించాను. యుద్ధంలో గాయపడ్డ అధికారిని వదిలి వెళ్లడం జవానుకు చాలా కష్టం, అతని శిక్షణ, రెజిమెంట్ సంప్రదాయం, మనసు, అన్నీ అతన్ని ఆగమంటాయి. ఇద్దరు జవాన్లు ఒక గాయపడ్డవాణ్ని మోయడానికి ఆగితే, ఆ ఇద్దరూ దాడి నుంచి తప్పుకున్నట్టే. అప్పటికే చాలామందిని కోల్పోయిన ప్లటూన్‌కు ఆ ఇద్దరి లోటు పెద్దది. ఆయన ఆ లెక్క తన విషయంలో తానే వేసి, జవాన్లకు ఆ బరువు లేకుండా చేశారు. వెళ్లండని అధికారి ఆజ్ఞాపించాక, వదిలి వెళ్లామన్న నింద ఆ జవాన్ల మీద ఉండదు.

ఇంకొక సంగతి. ఈ వివరాలన్నీ ఎలా తెలిశాయి? పురస్కారానికి సిఫార్సు చేసేటప్పుడు కళ్లతో చూసినవారి మాటలే ఆధారం. ఆయన పాకుతూ వెళ్లడం చూసినవారు, గ్రెనేడ్ విసరడం చూసినవారు, వదిలి వెళ్లమన్న మాట చెవులారా విని, విన్నట్టే ముందుకు దూకి, స్థావరాన్ని పట్టుకుని, ప్రాణాలతో మిగిలి కిందికి దిగి వచ్చినవారు చెప్పిన సాక్ష్యం అది. మనం వారిలో చాలామంది పేర్లు ఎప్పుడూ వినలేదు. ఆచార్య గారి కథలో ప్రతి వాక్యం వెనకా ఒక జవాను నిలబడి ఉన్నాడు.

అదే రాత్రి అదే దాడిలో కెప్టెన్ విజయంత్ థాపర్ గారు కూడా అమరులయ్యారు, ఆయన వయసు 22 ఏళ్లు, ఆయనకు వీర చక్ర లభించింది. పక్కనే లోన్ హిల్ మీద నాగాలాండ్ నుంచి వచ్చిన కెప్టెన్ నేకెఝాకువో కెంగురూస్ గారు, నున్నటి రాతి గోడ మీద బూట్లకు పట్టు దొరకకపోతే, ఆ చలిలో బూట్లూ మేజోళ్లూ విప్పేసి ఒట్టికాళ్లతో ఎక్కారు. ఆయన నిజానికి ఆర్మీ సర్వీస్ కోర్ అధికారి, ఈ బెటాలియన్‌లో పనిచేయడానికి వచ్చినవారు. ఆయనకూ మరణానంతరం మహావీర చక్ర దక్కింది. అంటే ఒకే బెటాలియన్‌కు ఆ ఒక్క యుద్ధంలో నాలుగు మహావీర చక్రాలు: వివేక్ గుప్తా, దిగేంద్ర కుమార్, పద్మపాణి ఆచార్య, కెంగురూస్. నలుగురిలో ముగ్గురు దాన్ని తమ చేతులతో అందుకోలేదు.

పతకం గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు చూపిన సాహసానికి ఇచ్చేవి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. శత్రువుతో యుద్ధం కాని సందర్భాలలో చూపిన సాహసానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర ఉన్నాయి. మొదటి వరుసలో రెండోది మహావీర చక్ర. 1950 జనవరి 26న దీన్ని నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. వెండితో చేసిన గుండ్రటి పతకం, మీద ఐదు కోణాల నక్షత్రం, నక్షత్రం మధ్యలో బంగారు పూత పూసిన మన జాతీయ చిహ్నం, సగం తెలుపు, సగం నారింజ రంగు రిబ్బన్.

ఇప్పుడు ఉత్తరం గురించి చెబుతాను. జూన్ 19న, అంటే నోల్ దాడికి తొమ్మిది రోజుల ముందు, ఆయన తండ్రికి ఒక ఉత్తరం రాశారు. దాని పాఠం చాలా చోట్ల అచ్చయింది. నేను దాని సారాంశం మాత్రమే చెబుతున్నాను. ప్రాణనష్టం గురించి దిగులు పడవద్దని, అది ఈ వృత్తిలో ఉన్న, తమ చేతిలో లేని ప్రమాదమని, అదైనా మంచి పని కోసమేనని తండ్రికి రాశారు. అమ్మ చాలా భయపడుతోందని తనకు తెలుసనీ, యుద్ధంలో పాల్గొనడం జీవితంలో ఒకసారి దక్కే గౌరవమని, అంతకు తక్కువ దేన్నీ తాను కోరుకోనని ఆమెకు చెప్పమనీ రాశారు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. ఆమెకు రోజుకొక కథ చొప్పున మహాభారతం చెప్పమని, అలా చేస్తే పుట్టబోయే మనవడికో మనవరాలికో మంచి విలువలు అబ్బుతాయని తండ్రిని కోరారు.

తెలుగువారికి ఈ కోరిక వినగానే సుభద్ర గర్భంలో ఉండి పద్మవ్యూహం గురించి విన్న అభిమన్యుడు గుర్తుకు రాక మానడు. తల్లి కడుపులో ఉండగానే నారదుడి బోధ విన్న ప్రహ్లాదుడు కూడా గుర్తుకొస్తాడు. నన్నయ, తిక్కన, ఎర్రనల భారతాన్ని పారాయణం చేయించుకునే ఇళ్లు, గర్భిణికి మంచి మాటలు, మంచి పాటలు వినిపించాలనే అమ్మమ్మలు మన చుట్టూ ఇంకా ఉన్నారు. ఆయన ఉత్తరంలో ఏ పాత్ర పేరూ రాయలేదు, అభిమన్యుణ్ని తలచుకున్నారని నేను ఆయన తరఫున చెప్పను. నన్ను కదిలించేది వేరే విషయం. ఆ ఉత్తరం రాసిన మనిషి యుద్ధభూమిలో ఉండి కూడా, హైదరాబాద్‌లోని ఇంట్లో సాయంత్రాలు ఎలా గడవాలో ఆలోచిస్తున్నాడు. తాను తిరిగి వచ్చినా రాకపోయినా జరగవలసిన ఒక పనిని తండ్రికి అప్పగిస్తున్నాడు. తండ్రి కూడా సైనిక అధికారే కాబట్టి, ప్రాణనష్టం గురించి ఆయనతో దాపరికం లేకుండా మాట్లాడగలిగాడు. తల్లికి చెప్పవలసిన మాటను మాత్రం తండ్రి నోట చెప్పించాడు. ఒక కుటుంబంలో ఎవరికి ఏ మాట ఎలా చెప్పాలో తెలిసిన కొడుకు రాసిన ఉత్తరం అది.

ఆయనకు కూతురు పుట్టింది, ఆయన మరణించిన కొన్ని నెలలకు. ఆ కుటుంబం గురించి ఇంతకన్నా చెప్పడం నాకు ఇష్టం లేదు. వారు బహిరంగంగా పంచుకున్నంతే మనకు చెందుతుంది. వీరమరణం పొందినవారి ఇళ్లకు కెమెరాలు పట్టుకుని వెళ్లి, తల్లి కన్నీళ్లు దగ్గరగా చూపించే పద్ధతి నాకు నచ్చదు, మా చానెల్ అలా ఎప్పుడూ చేయదు.

ఆయన పేరు ఇప్పుడు ఎక్కడెక్కడ చూడవచ్చని కొందరు అడిగారు. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో, ద్రాస్ వద్ద, తోలోలింగ్ పాదాల దగ్గర కార్గిల్ యుద్ధ స్మారకం ఉంది. అక్కడి గోడ మీద ఆ యుద్ధంలో అమరులైనవారి పేర్లు చెక్కారు. లడఖ్ యాత్రకు వెళ్లే మన తెలుగువారు ప్రతి వేసవిలోనూ ఆ దారినే పోతుంటారు, చాలామంది ఆగి ఫోటోలు తీసుకుంటారు. ఆగినప్పుడు ఆ గోడ దగ్గర రెండో రాజపుతానా రైఫిల్స్ పేర్లు వెతికి చదవండి, ఆచార్య గారి పేరు పక్కన ఆ రాత్రి ఆయన వెంట నడిచిన జవాన్ల పేర్లు కూడా కనిపిస్తాయి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ చక్ర అనే వలయంలో, స్వాతంత్ర్యం తర్వాత యుద్ధాలలోనూ సైనిక చర్యలలోనూ అమరులైన ప్రతి సైనికుడి పేరూ గ్రానైట్ ఫలకాల మీద ఉంది.

ఉపాధ్యాయులెవరైనా ఈ వీడియో చూస్తుంటే వారికి ఒక విన్నపం. జూలై 26న మీ బడిలో కార్యక్రమం పెడితే, ఉపన్యాసాల కన్నా ముందు ఆయన ప్రశంసాపత్రాన్ని తెలుగులో ఒక విద్యార్థి చేత నెమ్మదిగా చదివించండి. అది ఒక పేజీకి మించదు. తర్వాత ఒక ప్రశ్న వేయండి: ముందు ప్లటూన్ దెబ్బతిన్నప్పుడు కమాండర్ ముందు ఏయే దారులున్నాయి, ఒక్కొక్కటి ఎంచుకుంటే ఏం జరిగేది? పదో తరగతి పిల్లలు దీని మీద ఎంత లోతుగా మాట్లాడగలరో మీరే చూస్తారు. నినాదం ఎంత గట్టిగా ఇచ్చినా రాని గౌరవం, ఆ చర్చ తర్వాత వాళ్ల ముఖాల్లో కనిపిస్తుంది.

ఇక నోల్ పట్టుబడ్డాక ఏమైందో చెప్పి ముగిస్తాను. జూన్ 29 నాటికి త్రీ పింపుల్స్ ప్రాంతం మన అధీనంలోకి వచ్చింది. ద్రాస్ గ్రామాన్నీ రహదారినీ పైనుంచి చూస్తూ గుండ్లు వేయించే శత్రువు కళ్లలో ఒక జత మూతబడింది. జూలై 4న టైగర్ హిల్ శిఖరం మీద మన జెండా ఎగిరింది. జూలై 26న యుద్ధం ముగిసిందని ప్రకటించేనాటికి మన సైన్యం 527 మందిని కోల్పోయింది. వారిలో మన తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారూ ఉన్నారు, ఒట్టికాళ్లతో కొండ ఎక్కిన నాగా యువకుడూ ఉన్నాడు. కెప్టెన్ కెంగురూస్ గారి గురించి వచ్చే భాగంలో ఇంతే వివరంగా మాట్లాడుకుందాం. ఆచార్య గారితో కలిసి చదివినవారు, ఆయనతో కలిసి పనిచేసినవారు ఈ నగరంలో ఎవరైనా ఉండి, నేను చెప్పినదానికి ఏదైనా చేర్చదలిస్తే తప్పక రాయండి, మీ అనుమతితో దాన్ని కూడా చదివి వినిపిస్తాం. జై హింద్.